గ్యాస్ గీజర్ టక్ టక్ మంటుంది, వెలగదు. ట్యాంకు ఎత్తు చాలదా?

గుత్తిరోడ్డు
మాది అనంతపురం, అద్దె ఇల్లు, కింద ఒక్క అంతస్తే. దీపావళికి ముందు ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ కొన్నాం. కరెంటుది ఎందుకు కొనలేదని అడుగుతారేమో, ఇంట్లో వైరింగ్ పాతది, రెండు వేల వాట్ల గీజర్ వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. కొత్త లైను లాగడానికి ఓనరు ఒప్పుకోలేదు. షాపువాళ్ళే మనిషిని పంపి బాత్రూమ్‌లో కుళాయిల పైన బిగించి పోయారు. సిలిండర్ మాత్రం బయట సందులో ఉంది, గోడకు రంధ్రం వేసి ట్యూబు లోపలికి తెచ్చారు.

మొదటి నెల బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు కుళాయి తిప్పితే టక్ టక్ టక్ మని రవ్వ కొడుతుంది, ఒక్కోసారి భగ్గుమని వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. షవర్‌కు అసలు వెలగదు. మిగతా కుళాయిలన్నీ కట్టేసి దీన్ని పూర్తిగా తిప్పితే అప్పుడు దయతలుస్తుంది. షాపువాడికి ఫోన్ చేస్తే "మీ ట్యాంకు ఎత్తు చాలదు, ప్రెషర్ పంపు పెట్టించుకోండి, ఆరేడు వేలవుతుంది" అంటాడు.

నిన్న శనివారం అమ్మ తలకు సీకాయ పెట్టుకున్నాక నీళ్ళు చల్లగా రావడం మొదలైంది, లోపల నుంచి ఒకటే కేకలు. ఆమెకు అసలే బీపీ. ఈ మధ్య తలస్నానం చేసి వచ్చాక కళ్ళు తిరుగుతున్నాయని కాసేపు మంచం మీద పడుకుంటోంది, దానికి తోడు ఈ గీజర్ టెన్షన్ ఒకటి. పంపు కొనాల్సిందేనా? ఇంకేమైనా దారి ఉందా?

రాగిసంగటి
ముందు సెల్లులు మార్చు. అడుగున డబ్బాలో రెండు లావు సెల్లులుంటాయి. గ్యాస్ గీజర్ గొడవల్లో సగం అవే.

గుత్తిరోడ్డు
మార్చేశా అన్నా. రవ్వ బాగానే కొడుతోంది. గ్యాసే అందుకోవడం లేదు.

ఏడురోడ్లు
పంపు అమ్మేవాణ్ణి అడిగితే పంపే కొనమంటాడు. మంగలిని క్షవరం కావాలా అని అడిగినట్టు.

పైపురెంచి
కడపలో ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా, చెప్తా విను. నెల రోజులు పనిచేసిందన్నావు కదా. నెలలో మీ ట్యాంకు మిద్దె మీద నుంచి కిందికి దిగిపోలేదు కదా? ఎత్తు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. అంటే నీళ్ళ దారిలో ఏదో అడ్డం పడింది.

ఈ గీజర్‌లో నీళ్ళు పారితేనే గ్యాస్ తెరుచుకుంటుంది. లోపల ఒక రబ్బరు బిళ్ళ ఉంటుంది, డయాఫ్రమ్ అంటారు. నీళ్ళు దాన్ని నెడితే అది ఒక పుల్లను నెడుతుంది, ఆ పుల్ల స్విచ్చి నొక్కుతుంది, గ్యాస్ వాల్వు తీస్తుంది. నీళ్ళు బలంగా రాకపోతే సగం నెట్టి ఆగిపోతుంది. రవ్వ వస్తుంది, గ్యాస్ రాదు. నీ బాధ అచ్చం అదే.

కాబట్టి నీళ్ళు వచ్చే వైపు వాల్వు కట్టేసి, కింద కనెక్షన్ పైపు విప్పు. దాని నోట్లో చిన్న జాలి, అంటే చెత్తను ఆపే వల, ఉంటుంది. బయటికి లాగి చూడు. ఇసుక, సున్నం పెంకులు, పైపు కోసినప్పుడు పడిన ప్లాస్టిక్ పొట్టు కనిపిస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి పెట్టు. షవర్ తల కూడా విప్పి కడుగు, మన బోరు నీళ్ళకు ఆ రంధ్రాలు ఆరు నెలల్లో పూడిపోతాయి.

అది చేసినా వెలగకపోతే అప్పుడు ఎత్తు కొలువు. షవర్ తల నుంచి ట్యాంకు అడుగు దాకా. పది అడుగులకు 0.3 బార్ ఒత్తిడి వస్తుంది. మిద్దె మీద బండలు పేర్చి ట్యాంకు పెట్టిన ఇళ్ళలో ఆరేడు అడుగులే ఉంటుంది, అంటే 0.2. నీ గీజర్‌కు కనీసం ఎంత కావాలో దాని పెట్టె మీద రాసుంటుంది, పోల్చుకో. తక్కువైతే ట్యాంకుకు ఇంకో నాలుగడుగుల స్టాండు కట్టించుకుంటే చాలు. పంపు పెట్టావంటే పాత పైపుల అతుకులన్నీ కారడం మొదలవుతుంది, ఆ తర్వాత మాలాంటి వాళ్ళకే లాభం.

కొండారెడ్డిబురుజు
జాలి సంగతి సరే, ఈ గీజర్లు గ్యాస్ తాగేస్తాయి సామీ. మా ఇంట్లో వేరే సిలిండర్ పెట్టాం, నెల రాదు. కర్నూల్లో చలి ఉండేదే రెండు నెలలు. మే నెలలో మిద్దె మీద ట్యాంకే గీజర్, మధ్యాహ్నం కుళాయి తిప్పితే టీ పొడి వేసుకోవచ్చు. ఆ రెండు నెలల కోసం ఇంత ఖర్చా అనిపిస్తుంది.

లెక్కలసారు
నెల రాదంటే గీజర్ తాగడం లేదు, మీరు తాగిస్తున్నారు. ఇరవై లీటర్ల బక్కెట్ అనుకోండి. ట్యాంకు నీళ్ళు 25 డిగ్రీలు, స్నానానికి 42 చాలు. 17 డిగ్రీలు పెంచాలి, అంటే 340 కిలోకేలరీలు. కిలో గ్యాస్ కాలిస్తే సుమారు 11,000 కిలోకేలరీలు వస్తాయి, అందులో నీళ్ళకు ఎక్కేది ఎనభై శాతం పైచిలుకు. లెక్క వేస్తే బక్కెట్‌కు దాదాపు 40 గ్రాములు. నలుగురికి రోజుకు 160. పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాముల సిలిండర్ దాదాపు మూడు నెలలు రావాలి.

కొండారెడ్డిబురుజు
సారూ, మీ లెక్కలో అందరూ బక్కెట్‌తో స్నానం చేస్తున్నారు. మావాడు ఇంటర్. షవర్ కింద నిలబడితే ఇరవై ఐదు నిమిషాలు. లోపల పాటలు కూడా.

లెక్కలసారు
ఆరు లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు కిలో దాకా కాలుస్తుంది. పాతిక నిమిషాలంటే 400 గ్రాములు. ఒక్క మీవాడే పదిమంది స్నానం చేస్తున్నాడు. సిలిండర్ ఎక్కడికి పోతోందో తెలిసిందిగా.

రాగిసంగటి
పాటలకు ఎంత అవుతుందో కూడా లెక్క కట్టండి సార్ 😀

డ్యూటీనర్సు
అందరూ జాలి, గ్యాస్ లెక్కలు మాట్లాడుతున్నారు, మొదటి పోస్టు చివర్లో ఉన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. గుత్తిరోడ్డు తమ్ముడూ, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పు. మీ బాత్రూమ్‌కు కిటికీ ఉందా, స్నానం చేసేటప్పుడు తెరిచి ఉంటుందా? స్నానాల వరసలో అమ్మ ఎన్నో మనిషి? కళ్ళు తిరగడం తలస్నానం రోజే వస్తుందా, మామూలు రోజుల్లో కూడానా? గీజర్ రాకముందు ఉండేదా?

గుత్తిరోడ్డు
అక్కా, కిటికీ అంటే పైన చిన్న వెంటిలేటర్, అద్దం పలకలు. దోమలు, చలి అని దానికి అట్ట పెట్టేశాం. స్నానాలు నేను, మా ఆవిడ, పాప, చివర్న అమ్మ. అందరం పని మీద పోవాలి కదా, ఆమె నిదానంగా చేస్తుంది. తలస్నానం శనివారం. కళ్ళు తిరగడం... ఇప్పుడు మీరు అడిగాక ఆలోచిస్తే శనివారాలే. ఒకసారి వాంతి కూడా అయింది. గీజర్ ముందు లేదు, కానీ అప్పుడు చలికాలం కూడా కాదు కదా. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బీపీ మాత్ర మార్చారు. ఆక్సిజన్ చూడ్డానికి వేలికి పెట్టే మిషన్ మా ఇంట్లో ఉంది, కరోనా అప్పుడు కొన్నది. స్నానం అయ్యాక పెట్టి చూశాం, 98 చూపించింది. అందుకే ఊపిరి సమస్య కాదనుకున్నాం.

డ్యూటీనర్సు
తమ్ముడూ, ముందు ఆ గీజర్ కట్టేయ్. రేపు కాదు, ఇప్పుడే. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ తిప్పేసి రా, తర్వాత మిగతాది చదువు.

గ్యాస్ మండాలంటే గాలి కావాలి. మూసిన గదిలో గాలి తగ్గే కొద్దీ మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. వంటగ్యాస్‌కు వచ్చే కంపు మనకు తెలియడం కోసం కావాలని కలిపింది, ఈ విషగాలికి ఆ కంపు కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట ఇది కూర్చుంటుంది, ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, కాళ్ళలో బలం పోవడం. లేచి గడియ తీద్దామన్నా కాళ్ళు రావు.

మీ ముగ్గురి స్నానం అయ్యేసరికి గదిలో గాలి చెడిపోయి ఉంటుంది. అందులోకి అమ్మ పోతోంది. శనివారం ఇంకా ఎక్కువసేపు ఉంటోంది. వరస మార్చి నువ్వు చివర్న పోయి ఉంటే నీకు బీపీ మాత్ర రాసేవాళ్ళు.

ఇక ఆ 98. వేలికి పెట్టే మిషన్ ఎర్రటి కాంతితో చూస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న రక్తం, ఈ విషగాలి పట్టుకున్న రక్తం దానికి ఒకేలా కనిపిస్తాయి. మనిషి పడిపోతున్నా 98 చూపించగలదు. దాన్ని నమ్మొద్దు. డాక్టర్‌కు మీరు గీజర్ సంగతి చెప్పారా? చెప్పి ఉండరు. ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది. ఈసారి ముందు అదే చెప్పండి. బీపీ మాత్ర మీరంతట మీరు ఆపొద్దు, అది కూడా ఆయన్నే అడగండి.

గుత్తిరోడ్డు
కట్టేసి వచ్చా అక్కా. చేతులు వణుకుతున్నాయి. పాప కూడా రోజూ అందులోనే కదా చేసేది.

కొండారెడ్డిబురుజు
మనిషిని భయపెట్టకండి. మాది ఎనిమిదేళ్ళుగా స్నానాల గదిలోనే ఉంది. ఇంట్లో ఆరుగురం. ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. నెట్‌లో చదివి ప్రతిదానికీ ప్రాణం పోతుందంటే ఎట్లా? ఆమెకు బీపీ ఉందని ఆయనే చెప్పాడు.

ఉగ్గానిబజ్జి
బురుజన్నా, మా బావమరిది కథ చెప్తా. ప్రొద్దుటూరు. బాత్రూమ్‌లో పడిపోయాడు, మూతి వంకర పోయి కొట్టుకున్నాడట, గడియ విరగ్గొట్టి తీశారు. బయటికి తెచ్చాక పది నిమిషాల్లో లేచి కూర్చున్నాడు. ఫిట్స్ అన్నారు. తలకు స్కానింగ్ తీస్తే ఏమీ లేదు. ఏడాది పాటు ఫిట్స్ మాత్రలు మింగాడు, బండి నడపొద్దన్నారు, వచ్చిన సంబంధం ఒకటి ఆ మాటతోనే తప్పిపోయింది. రెండోసారి కూడా అదే బాత్రూమ్‌లో పడ్డాడు. అప్పుడు వేరే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "మీ ఇంట్లో గ్యాస్ గీజరా?" అని. దీనికి డాక్టర్లలో పేరు కూడా ఉందట, గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని. గీజర్ పీకేశారు. మూడేళ్ళయింది, మాత్రలు లేవు, ఫిట్స్ లేవు. పెళ్ళి కూడా అయింది, ఆ సంబంధం కన్నా మంచిదే.

డ్యూటీనర్సు
అదే. బాత్రూమ్‌లోనే వచ్చే ఫిట్స్, తలస్నానం రోజే వచ్చే కళ్ళు తిరుగుడు. చోటు ఎక్కడో అడిగితే సగం జబ్బు తెలిసిపోతుంది.

లెక్కలసారు
బురుజు గారి కోసం ఇంకో లెక్క. బాత్రూమ్ అయిదడుగులు, ఏడడుగులు, ఎత్తు తొమ్మిది అనుకోండి. 315 ఘనపుటడుగులు, అంటే దాదాపు తొమ్మిది ఘనపు మీటర్ల గాలి. కిలో గ్యాస్ పూర్తిగా కాలాలంటే సుమారు పన్నెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. పది నిమిషాలు పూర్తి మంట మీద పెడితే రెండు ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజన్ అంతా ఖర్చు. గది గాలిలో అయిదో వంతుకు పైనే. అది ఒక్క మనిషి స్నానానికి. తలుపు గడియ, వెంటిలేటర్‌కు అట్ట, వరసగా నలుగురు. మీరే వేసుకోండి.

మంట రంగు కూడా చూడండి. నీలంగా ఉంటే బాగా కాలుతున్నట్టు. పసుపుపచ్చగా, నాలుకలు సాచినట్టు ఉంటే గాలి చాలడం లేదు, లేదా బర్నర్‌లో మసి, సాలెగూడు. కానీ నీలం మంట చూసి నిమ్మళంగా ఉండకండి, గదిలో గాలి తగ్గాక ఏ మంటయినా మారుతుంది. ఆ సమయానికి లోపల ఉండేది మీరే.

కొండారెడ్డిబురుజు
లెక్క బాగుంది సారూ, కానీ నేను చెప్పేది అనుభవం. మాది పాత మట్టిమిద్దె. స్నానాల గదికి పైన గవాక్షి ఉంటుంది, గాలీ వెలుతురూ రావడానికి మిద్దెకు వదిలిన రంధ్రం. తలుపు చెక్కది, కింద జానెడు సందు. ఆరుగురం చేస్తాం, ఏమీ కాలేదు.

ఏడురోడ్లు
అన్నా, పైన గవాక్షి, కింద జానెడు సందు. గాలి కింద నుంచి వచ్చి పైన పోతోంది. మీరు బాత్రూమ్‌లో కాదు, పొయ్యి గొట్టంలో స్నానం చేస్తున్నారు. ఆయనది టైల్స్, అల్యూమినియం తలుపు, అట్ట. రెండూ ఒకటేనా?

జేజిమాట
మా చిన్నప్పుడు పెరట్లో రాతి పొయ్యి మీద రాగి కాగు, కింద కందికంప, పత్తికంప. నీళ్ళకు పొగ వాసన. స్నానం చేసేది తడిక చాటున. ఈ విషగాలి అప్పుడూ పుట్టింది, కాకపోతే ఆకాశంలోకి పోయింది. కాగును బాత్రూమ్‌లో పెట్టి గడియ వేసుకోవాలని మా జేజికి ఎప్పుడూ తోచలేదు.

రాగిసంగటి
కాగు కింద నిప్పుల్లో చిలగడదుంప వేసుకునేవాళ్ళం. గీజర్‌లో ఆ సౌకర్యం లేదు.

గుత్తిరోడ్డు
మీ జోకులకు నవ్వొస్తోంది కానీ మనసు కుదుట పడలేదు. రాత్రి అమ్మకు చెప్తే "ఔనా, మరి నా బీపీ?" అంటోంది. ఇప్పుడు ఇది అడగాలి. బాత్రూమ్‌లోనే ఉంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోదా? ఓనరు గోడకు ఇంకో రంధ్రం అంటే ఒప్పుకోడు.

ధర్మవరంపట్టు
నాకు రెండు ఇళ్ళు అద్దెకున్నాయి, ఓనరు తరఫున చెప్తా. టైల్‌కు రంధ్రమంటే మాకు గుండెలో రంధ్రం పడినట్టే. కానీ నా ఇంట్లో ఎవరైనా పడిపోయారంటే ఆ తర్వాత ఆ ఇంటికి అద్దెకు ఎవరు వస్తారు? ఆయనకు ఈ మాట ఇట్లాగే చెప్పు. వెంటనే ఒప్పుకుంటాడు.

పైపురెంచి
నర్సమ్మ చెప్పింది నూటికి నూరు. నేను మొదటి పోస్టు చదివి జాలి మీదకు పోయాను, లోపల బిగించారన్న మాట పట్టించుకోవాల్సింది. తప్పు నాదే. ఇప్పుడు నేను లోపల బిగించను, ఎంత ఇచ్చినా సరే. మొదట్లో బిగించాను, దాచను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వద్దు. ఒకటి, స్విచ్చి వేయడం మరిచిపోతారు. రెండు, కరెంటు పోతుంది, గీజర్ సెల్లులతో నడుస్తూనే ఉంటుంది. మూడు, గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ లాగితే గీజర్ పొగను కూడా గదిలోకే దించవచ్చు.

బయట బిగించు. సిలిండర్ ఎలాగూ సందులో ఉంది కదా, గీజర్ కూడా అదే గోడకు అవతలి వైపు పెట్టు. ట్యూబు తెచ్చిన రంధ్రాన్నే కాస్త పెద్దది చేసి వేడినీళ్ళ పైపు లోపలికి పంపు, కొత్త రంధ్రం అక్కర్లేదు, ఓనరు కూడా ఊరుకుంటాడు. గీజర్ నుంచి బయటికొచ్చే మొదటి మూడు అడుగులు స్టీలు అల్లిక పైపు వేయించు, తర్వాత సీపీవీసీ. మామూలు పీవీసీ వేశారంటే వేడికి మెత్తబడి అతుకు దగ్గర ఊడిపోతుంది. గీజర్ పైన రేకు పంజరం లాంటిది పెట్టు, వాన పడకుండా. కానీ నాలుగు వైపులా మూసేయొద్దు, మళ్ళీ అదే బాత్రూమ్ అవుతుంది.

సిలిండర్ నిలబెట్టే ఉంచు, పడుకోబెట్టొద్దు. దగ్గర్లో సంపు మూత, మోరీ ఉన్నాయా చూడు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పాకి గుంటల్లో దిగి కూర్చుంటుంది. ట్యూబు నారింజ రంగుది, లోపల తీగ అల్లిక ఉండేది, ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకో, మీటరున్నర దాటనీయకు. దాని మీద తేదీ ఉంటుంది, అయిదేళ్ళయితే మార్చాలి. అతుకులు సబ్బు నురగతో చూడు. అగ్గిపుల్లతో చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, నా కళ్ళారా చూశాను.

ఉగ్గానిబజ్జి
స్టవ్ సిలిండర్‌కే టీ జాయింట్ పెట్టి గీజర్‌కు ఇచ్చారు మా వీధిలో ఒకాయన. గీజర్ వేస్తే దోసె ఆగిపోతుంది. ఆయన స్నానానికి పోయేముందు వంటింటి పర్మిషన్ తీసుకుంటాడు.

పైపురెంచి
టీ జాయింట్ పెట్టొద్దు. ఒక రెగ్యులేటర్‌కు ఒకే పొయ్యి అని ఏజెన్సీ వాళ్ళు ఊరికే అనరు. రెండో సిలిండర్, రెండో రెగ్యులేటర్. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా బయటికొచ్చి 1906 కు ఫోన్ చేయండి, ఆ నంబర్ అందుకే ఉంది.

పెన్నాఒడ్డు
మధ్యలో దూరుతున్నా. మాది కడప దగ్గర పల్లె, బోరు నీళ్ళు. గీజర్ కొన్న ఏడాదికి నీళ్ళు సన్నగా, గోరువెచ్చగా రావడం మొదలైంది. ఎవరో చెప్పారని బాత్రూమ్ బండలు కడిగే యాసిడ్ పోసి అరగంట ఉంచా. సున్నం పోయింది. దాంతో పాటు రాగి కాయిల్ కూడా పోయింది. రెండు చోట్ల చిల్లులు, బర్నర్ మీద వాన. కొత్త కాయిల్ ఖరీదుకు ఇంకాస్త వేస్తే గీజరే వస్తుంది.

పైపురెంచి
అయ్యో పెన్నా! ఆ యాసిడ్ రాగిని తినేస్తుంది. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, వాడాలి. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో వంద గ్రాములు కలిపి, గ్యాస్ కట్టేసి, కాయిల్‌లో నింపి ఒక గంట వదిలేయాలి. బుడగలు వస్తాయి, ఆగిపోయాక కడిగేయాలి. బాగా పేరుకుంటే రెండోసారి. మన సీమలో బోరు నీళ్ళ ఇళ్ళకు ఏడాదికోసారి తప్పదు, మునిసిపాలిటీ నీళ్ళకు ఇంకా ఆలస్యమైనా పర్వాలేదు. అప్పుడే పైన కాయిల్ రెక్కల మధ్య మసి కూడా బ్రష్‌తో దులపాలి. అక్కడ మసి పడితే పొగ పైకి పోదు, మంట పచ్చబడుతుంది. సున్నం కన్నా ఆ మసే ప్రమాదం.

ఇంకొకటి. కుళాయి కట్టేసినా మంట ఆరకపోతే వెంటనే సిలిండర్ కట్టేసి గీజర్ వాడడం ఆపండి. డయాఫ్రమ్ పుల్ల ఇరుక్కుంది. నిలబడిపోయిన నీళ్ళు కాయిల్‌లో మరుగుతాయి. రెండు రోజులు చూద్దాం అనొద్దు.

రాగిసంగటి
వేసవిలో సెల్లులు తీసి పెట్టండి. కారి డబ్బా తుప్పు పడుతుంది. నా మొదటి పోస్టులో ఇంత విషయం ఉందని ఇప్పటికైనా ఒప్పుకోండి.

ఏడురోడ్లు
ఇంత గొడవెందుకు, సోలార్ పెట్టుకోండి. మనకు ఎండకేం కరువు.

ధర్మవరంపట్టు
అద్దె ఇంట్లో సోలారా? ఖాళీ చేసినప్పుడు మిద్దె మీద నుంచి నెత్తిన పెట్టుకొని పోతాడా? మా సొంతింటికి పెట్టాం, తెల్లారి వేడి నీళ్ళు బాగానే వస్తాయి, ముసురు పట్టిన రోజుల్లో మాత్రం దేవుడే దిక్కు. దానికీ సున్నం గొడవ తప్పదు.

డ్యూటీనర్సు
బయటికి మార్చేదాకా ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. స్టవ్ మీద కాచి మోసుకోండి. బక్కెట్ ముందు నింపుకొని గీజర్ కట్టేసి లోపలికి పోతాం అంటారు కొందరు. ఆ గాలి అప్పటికే లోపల ఉంటుంది కదా, వద్దు. గర్భిణీలు, పసిపిల్లలు ఉన్న ఇల్లయితే అసలే వద్దు. ఎవరైనా లోపల పడిపోతే ముందు గ్యాస్ కట్టేసి తలుపు బార్లా తెరవండి, మనిషిని బయటి గాలిలోకి లాగండి, 108 కు చెప్పేటప్పుడు గ్యాస్ గీజర్ అనే మాట తప్పకుండా చెప్పండి. స్పృహ లేని మనిషికి నీళ్ళు తాగించొద్దు, ఉల్లిపాయ వాసన చూపించకపోయినా నష్టం లేదు.

గుత్తిరోడ్డు
రెండు వారాలుగా ఇటు రాలేదు, పని మీద ఉన్నా. జరిగింది చెప్తా.

ఓనరుకు ధర్మవరం అన్న చెప్పిన మాటే చెప్పా. "నా ఇంటికి చెడ్డపేరా, వెంటనే పీకించు" అన్నాడు. ప్లంబర్ కూలిలో సగం ఆయనే ఇచ్చాడు, నమ్మండి. గీజర్ ఇప్పుడు వెనక సందులో గోడకు ఉంది. వెంటిలేటర్ అట్ట కూడా తీసేశా.

జాలి విప్పితే రెంచన్న చెప్పినట్టే. ప్లాస్టిక్ పొట్టు, ఇసుక, ఇంకా ఒక చిన్న నత్త గుల్ల. ట్యాంకు కడిగించి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. కడిగి పెట్టాక షవర్‌కు కూడా వెలుగుతోంది. పంపు కొనలేదు.

అమ్మ రెండు శనివారాలు తలంటుకుంది. చివర్నే. కళ్ళు తిరగలేదు. స్నానం అయ్యాక మంచం మీద పడుకోకుండా నేరుగా వంటింట్లోకి పోయి మా ఆవిడ పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. డాక్టర్‌కు గీజర్ సంగతి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత మాత్ర మళ్ళీ పాతదే రాశారు.

ఇప్పుడు ఒకటే గొడవ, సందులో గాలి జోరుగా వీచినప్పుడు మంట ఆరిపోతోంది.

పైపురెంచి
గాలి వచ్చే వైపు ఒక్కటే రేకు అడ్డం పెట్టు, గీజర్‌కు అడుగు దూరంలో. మిగతా వైపులు వదిలేయ్.

డ్యూటీనర్సు
అమ్మ సంగతి విని చాలా సంతోషం. సందు ఎంత వెడల్పు తమ్ముడూ? ఎదురుగా ఏముంది?

గుత్తిరోడ్డు
మూడడుగులు అక్కా. ఎదురుగా వెనక ఇంటి వాళ్ళ గోడ. వాళ్ళ పడకగది కిటికీ... గీజర్‌కు కాస్త పక్కగా ఉంది.

డ్యూటీనర్సు
మరి!

పైపురెంచి
కిటికీకి దూరంగా ఆరడుగులైనా జరుపు. పైపు పొడవైతే మొదటి మగ్గు చల్లగా వస్తుంది, అంతే. నేను ముందే అడగాల్సింది.

గుత్తిరోడ్డు
సందు మొదట్లో, రోడ్డు వైపు చోటుంది. అక్కడ కిటికీలు లేవు. ఆదివారం ప్లంబర్‌ను మళ్ళీ పిలుస్తా. ఓనరుకు ఈసారి ఏం చెప్పాలో తెలియడం లేదు.

కొండారెడ్డిబురుజు
నేను ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఎందుకున్నానో చెప్తా. మొన్న ఊరికే చూద్దామని మిద్దె ఎక్కా. గవాక్షి మీద బండ మూసి ఉంది. వానాకాలంలో నీళ్ళు పడతాయని మా నాయన మూసి, తీయడం మరిచిపోయాడు. చలికాలం సగం అయిపోయింది. తీసేశాననుకోండి. ఇంతకీ రెంచన్నా, గీజర్ బయటికి మార్చడానికి ఎంతవుతుంది? కర్నూలు వస్తావా?

పైపురెంచి
అంత దూరం రాను సామీ. మీ ఊళ్ళో మంచి మనిషిని పట్టుకో. జాలి మాత్రం నువ్వే కడుక్కో, దానికెందుకు డబ్బులు.

ఏడురోడ్లు
మీ ఇంటర్ వాడు తలనొప్పి అంటే చదువు తప్పించుకోవడానికి అనుకున్నారా అన్నా?

కొండారెడ్డిబురుజు
అదే అనుకున్నా అప్పా.